జీతం 38 వేలు, కిరాయి 9 వేలు: ఇప్పుడే ప్లాట్ కొనాలా, ఆగాలా?

మడికొండ ఉద్యోగి:

అందరికీ నమస్తే. నా వయసు 27. వరంగల్ పక్కన మడికొండలో ఒక చిన్న ఐటీ కంపెనీలో చేస్తున్నాను, చేతికి 38 వేలు వస్తాయి. సొంతూరు పరకాల దగ్గర. బాపు ఊళ్లోనే ఉండి పత్తి, మక్క వేస్తాడు. అమ్మ, చెల్లె నాతో పాటు నయీంనగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో ఉంటారు. చెల్లె నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది.

నెల ఖర్చు దాచకుండా రాస్తున్నా. కిరాయి 9,000, కరెంటు, నీళ్లు 1,200. సామాను, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి 8,500. చెల్లె ఫీజుకని పక్కన పెట్టేది 6,000. పెట్రోల్ 2,800, ఫోన్లు, నెట్ 1,000, చిట్టీ 5,000. మిగిలేది 4,500. పండగలు, జ్వరాలు, పెళ్లిళ్లలో చదివింపులు అన్నీ అందులోంచే. బ్యాంకులో మొత్తం ఆరున్నర లక్షలు ఉన్నాయి.

ఇప్పుడు బాపు హసన్‌పర్తి దాటాక ఒక ప్లాట్ చూశాడు. 150 గజాలు, గజం 18 వేలు చెబుతున్నారు. "నాకు చేతనైనప్పుడే నీకో జాగ చూపించాలె. రేపు పిల్లనిచ్చేవాళ్లు ముందు అడిగేది ఇల్లు ఉందా అనే" అంటున్నాడు. బ్యాంకు ఇచ్చినంత ఇస్తుంది, తక్కువ పడింది ఊళ్లో తెద్దామంటాడు. హన్మకొండలో పాత ఫ్లాట్ ఒకటి కూడా చూశాం, డబుల్ బెడ్‌రూం, 42 లక్షలు. లేదంటే ఇలాగే కిరాయికి ఉండి దాచుకోవడం. ఈ మూడింట్లో నా జీతానికి ఏది నడుస్తుంది? రాత్రి పడుకుంటే ఇదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కేయూ క్రాస్:

తమ్మీ, ధర సంగతి తర్వాత. ముందు ఆ లేఅవుట్‌కు కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా? లేకపోతే ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్‌ను క్రమబద్ధీకరించే ఫీజు కట్టారా? ఆ రెండు కాగితాలు చూడకుండా బయానా ఇవ్వకు. ఎంత దగ్గరి చుట్టం తెచ్చిన బేరమైనా సరే.

ఉర్సుగుట్ట పెద్దన్న:

నేనైతే కొనమనే చెబుతాను. 2011లో ఉర్సుగుట్ట అవతల గజం 2,200కు కొన్నాను. అప్పుడు నా జీతం 14 వేలు. ఇంట్లో అందరూ వద్దన్నారు, అక్కడ వీధి దీపం కూడా లేదు. ఆ జాగ లేకుంటే ఈరోజు నా పిల్లలు కిరాయి ఇంట్లోనే ఉండేవాళ్లు. భూమి ఆగదు బాబూ, మనం ఆగితే అది ఇంకా దూరం పోతుంది. మీ బాపు మాటలో ఎంతో అనుభవం ఉంది. కష్టమైనా పట్టుకో.

ఓరుగల్లు పిల్ల:

పెద్దన్నా, మీ మాట కాదనను. కానీ మీ లెక్కనే ఒకసారి చూడండి. 14 వేల జీతం, గజం 2,200. అంటే మీ నెల జీతంతో ఆరు గజాలు వచ్చేవి. తనకు 38 వేలు, గజం 18 వేలు. నెలంతా తినకుండా ఉన్నా రెండు గజాలే. మీరు పడ్డ కష్టం పెద్దదే, కాదనడం లేదు. అదే కష్టం ఇప్పుడు పడితే చేతికొచ్చేది మూడో వంతు.

మా వయసు వాళ్లను "దాచుకోవడం చేతకాదు" అనే పెద్దలకు కూడా ఇదే చెప్పాలనిపిస్తుంది. పై పోస్టులో ఆయన ఖర్చుల్లో ఏది తీసేయాలో చూపించండి. సినిమా లేదు, హోటల్ లేదు. చెల్లె ఫీజు ఆపాలా?

లోను లెక్క:

నేను బ్యాంకులో లోన్ల విభాగంలో పని చేస్తాను. ఏ బ్యాంకో చెప్పను, లెక్క మాత్రం చెబుతాను. రేట్లు బ్యాంకును బట్టి, సిబిల్ స్కోరును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ముందు ప్లాట్. 150 గజాలు, గజం 18 వేలు అంటే 27 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం. 2021 జూలై దాకా ఆరు శాతమే ఉండేది. పూర్తి ధరకు రాయిస్తే అదే 2 లక్షల పైన. ఖాళీ జాగకు బ్యాంకు ఇంటికి ఇచ్చినంత ఇవ్వదు. 70 శాతం ఇచ్చిందనుకుందాం, 18 లక్షల 90 వేలు. మిగతా 8 లక్షల 10 వేలు, రిజిస్ట్రేషన్ 2 లక్షలు, అంటే పది లక్షలు చేతిలో ఉండాలి. నీ దగ్గర ఆరున్నర ఉన్నాయి. మొత్తం ఊడ్చి పెట్టినా మూడున్నర లక్షలకు పైగా తక్కువ.

ప్లాట్ లోను 15 ఏళ్లకు, 9 శాతం మిత్తికి చూస్తే ఈఎమ్ఐ 19,170. ఆ మూడున్నర లక్షలు ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే, అసలు ముట్టకుండానే నెలకు 7 వేలు. రెండూ కలిపితే 26 వేలు. పైన 9 వేల కిరాయి ఎటూ కట్టాలి, ఎందుకంటే ఆ ప్లాట్‌లో ఎవరూ పడుకోలేరు. అక్కడికి 35 వేలు అయింది. నీ జీతం 38.

ఈ ఒక్క విషయం మీద నాకు చాలా పట్టింపు ఉంది కాబట్టి నొక్కి చెబుతున్నాను. మన దగ్గర పిల్లలు ప్లాట్ కొనడాన్ని ఇల్లు కొనడం అనుకుంటున్నారు. ప్లాట్ కొన్నాక కిరాయి ఆగదు, దానికి తోడు ఈఎమ్ఐ వస్తుంది. ఇల్లు కట్టడానికి మళ్లీ ఇంకో లోను కావాలి, కానీ అప్పటికే జీతంలో సగం మొదటి లోనుకు పోతుంటే ఆ రెండో లోను ఎవరూ ఇవ్వరు. నా దగ్గరికి వచ్చే వాళ్లలో ఇలా మధ్యలో చిక్కుకున్న వాళ్లే ఎక్కువ. ప్లాట్ ఉంటుంది, ఇల్లు ఉండదు, నెల నెలా రెండు చోట్ల కట్టడం.

ఇక ఫ్లాట్. మామూలుగా అన్ని ఈఎమ్ఐలు కలిపి చేతికొచ్చే జీతంలో సగం దాటకుండా చూస్తాం. నీకు 19 వేలు. 20 ఏళ్లకు, ఎనిమిదిన్నర శాతానికి లక్షకు ఈఎమ్ఐ 868. అంటే నీకు వచ్చే లోను 22 లక్షల లోపే. 42 లక్షల ఫ్లాట్‌కు మిగతా 20 లక్షలు, పైన రిజిస్ట్రేషన్ ఎక్కడి నుంచి తెస్తావు? పాత బిల్డింగ్ అయితే దాని వయసు చూసి బ్యాంకు ఇంకా తగ్గిస్తుంది. కాబట్టి నీ మూడు దారుల్లో ఈ రోజుకు నడిచేది ఒక్కటే.

ట్యాక్స్ మిగులుతుందని ఎవరైనా చెబితే అదీ నీకు వర్తించదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది లేదు. ఖాళీ జాగ లోనుకు పాత విధానంలో కూడా మిత్తి మినహాయింపు రాదు.

మడికొండ ఉద్యోగి:

అన్నా, చాలా థాంక్స్. 35 వేలు అని చూడగానే చేతులు చల్లబడ్డాయి. ఊరి మిత్తిని నేను లెక్కలోకే తీసుకోలేదు, బాపు "చూసుకుందాం లే" అంటే సరే అనుకున్నాను.

కాజీపేట జంక్షన్:

ఇంకోటి కలపండి. ఈఎమ్ఐ ఇరవై ఏళ్లూ ఒకేలా ఉండదు. నేను 2021లో 30 లక్షలు తీసుకున్నాను, అప్పుడు 6.9 శాతం, ఈఎమ్ఐ 23 వేలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తను అప్పిచ్చే రేటును, 4 శాతం నుంచి ఆరున్నరకు పెంచింది. నా ఈఎమ్ఐ 27 వేలు దాటింది. ఆ ఏడాదే మా పాపను బడిలో వేశాం. జీతం పెరిగింది మాత్రం 1,800.

2025లో రెపో మళ్లీ తగ్గుతూ డిసెంబరుకు 5.25కు వచ్చింది, నాకూ తగ్గింది. కానీ ఆ రెండేళ్లు ఎలా గడిచాయో నాకు తెలుసు. అందుకే ఈఎమ్ఐ చూసుకునేటప్పుడు ఇంకో రెండున్నర శాతం పెరిగితే కట్టగలమా అని కూడా చూసుకోండి. రేటు మారినప్పుడు ఈఎమ్ఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది మనల్ని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్రాంచికి వెళ్లి అడగండి, అడగనిదే ఎవరూ చెప్పరు.

ఓరుగల్లు పిల్ల:

ఇప్పుడు నా సంగతి. అందరూ "కిరాయికి ఉండు, హాయి" అంటుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఒంటరిగా ఉంటాను. ఇల్లు వెతకడానికి వెళితే గేటు దగ్గరే మొదటి ప్రశ్న "ఒక్కదానివేనా?" రెండోది "మీరేమిట్లు?" కులం చెప్పాక "ఇప్పుడే వేరేవాళ్లకు మాట ఇచ్చాం" అంటారు. టు లెట్ బోర్డు మాత్రం తర్వాతి వారం కూడా అక్కడే ఉంటుంది. నైట్ డ్యూటీ అని తెలిస్తే అడ్వాన్స్ తీసుకున్న వాళ్లు కూడా తిరిగి ఇచ్చేస్తారు.

చివరికి దొరికిన పోర్షన్‌లో బాగానే ఉన్నాను. ఓనర్ కొడుకు హైదరాబాద్ నుంచి వస్తున్నాడని నెల గడువు కూడా ఇవ్వకుండా ఖాళీ చేయమన్నారు. పరీక్షల సీజన్, కోచింగ్ పిల్లలతో ఏ గదీ ఖాళీ లేదు. గ్యాస్ స్టవ్, బీరువా ఫ్రెండ్ వాళ్ల వరండాలో పెట్టి కొన్నాళ్లు హాస్టల్‌లో ఉన్నాను.

నాకు ఇల్లు కావాలనేది రేటు పెరుగుతుందని కాదు. తాళం నాది కావాలి. ఇది లెక్కలో రాయలేం. కానీ లెక్కలు వేసేటప్పుడు మర్చిపోవద్దు.

రిటైర్డ్ మాస్టారు, బాలసముద్రం:

అమ్మా, నీకు జరిగింది అన్యాయం. నేనూ పై అంతస్తు కిరాయికి ఇస్తాను కాబట్టి రెండు మాటలు. కులం అడిగే ఓనర్లు మన ఊళ్లో ఉన్నారు, సిగ్గుపడాల్సిన విషయం. దానికి సాకులు చెప్పను.

కిరాయికి దిగేటప్పుడు 11 నెలల అగ్రిమెంటు స్టాంపు కాగితం మీద రాయించుకోండి. అందులో మూడు విషయాలు ఉండాలి: ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏటా ఎంత పెంచుతారు, అడ్వాన్స్‌లో రంగులకని ఎంత పట్టుకుంటారు. నేను రెండు నెలల నోటీసు, ఏటా ఐదు శాతం అని రాస్తాను. మా పైన ఉన్న జంట నాలుగో ఏడాది ఉంటున్నారు. నోటి మాట మీద దిగితే తర్వాత వాదించడానికి ఏమీ ఉండదు. కిరాయి ఫోన్‌లోనే పంపండి, రసీదు లేకపోయినా ఆధారం ఉంటుంది.

జగిత్యాల టు దుబాయ్:

అన్నలూ, నేను షార్జా నుంచి రాస్తున్నా. మా వైపు ఊళ్లలో చూడండి, రెండంతస్తుల ఇండ్లు, స్టీలు రెయిలింగ్, బయట గ్రానైట్. లోపల ముసలి అమ్మానాన్న ఇద్దరే, కింద ఒక గదిలో. మిగతా గదులకు తాళాలు. మా ఇల్లు కూడా అంతే. పదేళ్ల గల్ఫ్ సంపాదన అందులో ఉంది. ఇక్కడ నేను క్యాంపులో ఎనిమిది మందితో ఒక గదిలో ఉంటా.

వచ్చే ఏడాది వచ్చేసి కరీంనగర్‌లో ఏసీ మెకానిక్ షాపు పెట్టాలనుకుంటున్నా. పిల్లల బడి కూడా అక్కడే. అంటే కరీంనగర్‌లో మళ్లీ కిరాయి. ఊళ్లో ఇల్లు అమ్ముదామంటే ఆ ఊళ్లో అంత పెట్టి కొనేవాడు లేడు. ఆ ఇల్లు మా అమ్మకు గౌరవం, నేను కాదనను. కానీ తమ్మీ, పని ఎక్కడుంటుందో తెలిశాకే ఇల్లు ఎక్కడో చూసుకో. నీ ఐటీ ఉద్యోగం పదేళ్లు మడికొండలోనే ఉంటుందా? హైదరాబాద్ పొమ్మంటే? హసన్‌పర్తి ఈఎమ్ఐ ఒకవైపు, కూకట్‌పల్లి కిరాయి ఇంకోవైపు.

గోదావరిఖని:

మా నాన్న సింగరేణి. నేను పుట్టి పెరిగింది కంపెనీ క్వార్టర్‌లో. రిటైర్ అయ్యాక క్వార్టర్ అప్పగించాలి కదా, అప్పుడు గ్రాట్యుటీ డబ్బుతో ఇల్లు కొన్నారు, అరవై ఏళ్ల వయసులో. మమ్మల్ని చదివించారు, అక్క పెళ్లి చేశారు, ఎవరి దగ్గరా చేయి చాపలేదు. ముప్పైలోపు ఇల్లు లేకపోతే జీవితం వెనకబడినట్టు మాట్లాడేవాళ్లకు ఈ ఉదాహరణ చెబుతుంటాను.

మేస్త్రీ కొడుకు:

నిర్మాణం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. మా నాన్న ముప్పై ఏళ్లుగా హన్మకొండలో ఇండ్లు కడుతున్నాడు, నేను సైటు లెక్కలు చూస్తా.

ప్లాట్ వచ్చిందనుకో. 800 చదరపు అడుగుల చిన్న ఇల్లు, హాలు, రెండు గదులు, వంటగది. మేము ఇప్పుడు అడుగుకు 1,900 దగ్గర మాట్లాడుతున్నాం, మామూలు టైల్స్, మామూలు తలుపులు. అక్కడికి 15 లక్షల 20 వేలు. ఈ రేటులో రానివి చాలా ఉంటాయి. బోరు, మోటారు. సెప్టిక్ ట్యాంకు. ప్రహరీ, గేటు. కరెంటు మీటరు. కొత్త లేఅవుట్‌లో స్తంభం దూరంగా ఉంటే దాని ఖర్చు వేరే. జాగ పల్లంలో ఉంటే మొరం పోయించాలి, ఒక్కోసారి బేస్‌మెంట్ ఎత్తుకే లక్షలు మింగుతుంది. అందుకే మా నాన్న అందరికీ చెప్పేది, స్లాబు దాకా అయ్యే ఖర్చు చూసి ఇల్లు అయిపోయిందనుకోవద్దు, సగం డబ్బు స్లాబు తర్వాతే పోతుంది.

అనుమతి మాత్రం ఇప్పుడు సులువే. ఆన్‌లైన్ అనుమతుల విధానంలో 75 గజాల లోపు జాగలో చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. దాని పైన 500 చదరపు మీటర్ల దాకా మనమే ధ్రువీకరించి ఇస్తే వెంటనే వస్తుంది. కానీ లేఅవుట్ అనుమతి గానీ ఎల్ఆర్ఎస్ గానీ లేకపోతే అక్కడే ఆగుతుంది. కేయూ క్రాస్ అన్న చెప్పింది అందుకే.

మీ ఊళ్లో బాపు పేరు మీద జాగ ఉందా తమ్మీ? పాత పెంకుటిల్లు అయితే ఇందిరమ్మ ఇండ్ల కింద దరఖాస్తు చేసుకోమను. సొంత జాగ ఉన్న పేద కుటుంబాలకు 5 లక్షలు, పని జరిగిన కొద్దీ దశలవారీగా ఖాతాలో వేస్తారు. 400 అడుగులకు తగ్గకుండా కట్టాలి.

వడ్డేపల్లి కట్ట:

పల్లం మాట వచ్చింది కాబట్టి నేను కూడా. 2023 జూలై వానలు గుర్తున్నాయా? నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు వైపు ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ మునిగాయి. జనాన్ని పడవల్లో తెచ్చారు. అక్కడ ఇల్లు కొన్నవాళ్లలో చాలామంది లోన్ల మీదే కొన్నారు. ఫ్రిజ్, మంచం, పిల్లల పుస్తకాలు అన్నీ బురదలో పోయాయి, ఈఎమ్ఐ మాత్రం ఐదో తారీకుకు కట్ అయింది.

మన ఊరు గొలుసుకట్టు చెరువుల ఊరు. నీళ్లకు దారులు ఉన్నాయి, మనం వాటి మీద కాలనీలు వేశాం. ప్లాట్ ఎండాకాలంలో చూసి మురిసిపోవద్దు. పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున వెళ్లండి. పక్క ఇంటి గోడ మీద నీటి మరక ఎక్కడి దాకా ఉందో చూడండి, కిరాణా కొట్టాయనను అడగండి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు ఎక్కడో ఇరిగేషన్ వాళ్ల దగ్గర తెలుసుకోండి. పది హెక్టార్లు దాటిన చెరువుకు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్ల బఫర్ వదలాలి. ఆ లోపల ఉన్న జాగ ఎంత చవకగా వచ్చినా మనది కాదు.

మామునూరు రోడ్డు:

అన్నలూ, ఎయిర్‌పోర్టు వస్తుంది కదా, ఇప్పుడు కొంటే డబుల్ అవుతుందని మా దగ్గర ఏజెంట్లు రోజూ ఫోన్. దాని గురించి?

లోను లెక్క:

మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది, నిజమే. కానీ ఆ వార్త ధరలో ఎప్పుడో కలిసిపోయింది. ఏజెంటు నీకు అమ్ముతున్నది ఆ పెరిగిన ధరకే. నీ దగ్గర పదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బు ఉంటే నీ ఇష్టం. లోను తీసుకుని మాత్రం వద్దు.

సుబేదారి జంట:

పోస్టు పెట్టినాయన పెళ్లి మాట ఎత్తారు కాబట్టి మా ఇద్దరి తరఫున రాస్తున్నాను. మాకు రెండేళ్ల క్రితం పెళ్లయింది. రెండు వైపులా పెద్దవాళ్లు ఫంక్షన్ హాల్, డెకరేషన్, వెయ్యి మంది భోజనాలు, బట్టలు అన్నీ రాసి చూస్తే 14 లక్షలు తేలింది. అందులో సగం అప్పే. మేమిద్దరం కూర్చుని, అంత ఖర్చు వద్దని, దగ్గరివాళ్లతో గుళ్లో చేసుకుని 120 మందికి భోజనం పెడతామని చెప్పాం. మా మామయ్య ఆరు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. "ఊళ్లో అందరి పెళ్లిళ్లకూ వెళ్లి చదివించి వచ్చాను, నా బిడ్డ పెళ్లికి పిలవకపోతే నా ముఖం ఎట్లా చూపించాలె" అని ఆయన బాధ. అది చిన్న బాధ కాదు. ఇప్పటికీ కొందరు ఇంటికి రారు.

అలా పెళ్లి ఖర్చులో మిగిలిన డబ్బులో మా వాటా, ఇద్దరి పొదుపు కలిపి గోపాలపూర్‌లో 34 లక్షలకు ఫ్లాట్ కొన్నాం, 22 లక్షల లోను. ఇద్దరి జీతాలు కలిపి 61 వేలు. పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద కూడా దరఖాస్తు పెట్టాం. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇల్లు 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరా పక్కా ఇల్లు ఉండకూడదు. మొదటి 8 లక్షల లోను మీద 4 శాతం మిత్తి సబ్సిడీ, మొత్తం 1 లక్షా 80 వేలు మించకుండా, ఐదు వాయిదాల్లో వస్తుంది. ఖాళీ జాగకు ఇది రాదు.

ఒక మాట చెప్పాలి. ఇల్లు వచ్చింది, కానీ రెండేళ్లుగా మేము ఎక్కడికీ వెళ్లలేదు, పిల్లల ఆలోచన కూడా వాయిదా వేశాం. మేము ఒప్పుకుని చేసిన పని ఇది. ఒక్క జీతం మీద అయితే మేము కొనేవాళ్లం కాదు.

ఉర్సుగుట్ట పెద్దన్న:

బిడ్డా, మీరిద్దరూ మంచి పని చేశారు. మా తరం వాళ్లకు పెళ్లి ఘనంగా చేయడం, జాగ కొనడం రెండూ ఒకేసారి కుదిరాయి, ఎందుకంటే జాగ చవక. ఓరుగల్లు పిల్ల రాసిన ఆరు గజాల లెక్క మా ఇంట్లో కూడా చదివి వినిపించాను. మా పెద్దోడు "ఇదే కదా నేను చెబుతున్నది" అన్నాడు.

అయినా ఒకటి అడుగుతా. ఆగమంటున్నారు సరే, ఆగినన్నాళ్లు ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి? చిట్టీలోనా?

హన్మకొండ చౌరస్తా:

చిట్టీ గురించి నేను చెప్పాలి, మా ఇంట్లో జరిగింది కాబట్టి. అమ్మ, పిన్ని, పక్కింటివాళ్లు అందరూ ఒకే కంపెనీలో కట్టారు. ఏళ్ల తరబడి బాగానే ఇచ్చింది. పాట పాడుకున్నాక డబ్బుల కోసం వెళితే ఈ వారం, వచ్చే వారం అని తిప్పారు. చివరికి డబ్బు లేదు, దాని బదులు ఊరికి దూరంగా ప్లాట్ రాసిస్తాం తీసుకోండి అన్నారు. ఆ ప్లాట్‌కు వాళ్లు వేసిన ధర బయటి ధరకు రెట్టింపు. మా అమ్మ బీపీ మాత్రలు అప్పుడే మొదలయ్యాయి.

చిట్టీ వద్దనను, మన ఊళ్లో ఎన్నో ఇండ్లు చిట్టీల మీదే లేచాయి. కానీ ఆ గ్రూపు రిజిస్ట్రార్ దగ్గర నమోదైందా అని చూడండి. 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం గ్రూపు గ్రూపుకూ అనుమతి ఉండాలి, కంపెనీకి ఉంటే సరిపోదు. కమిషన్ 7 శాతం మించకూడదు. పాస్‌బుక్, ప్రతి పాట వివరాలు అడిగి తీసుకోండి. మొత్తం డబ్బు ఒక్క చోటే పెట్టకండి.

లోను లెక్క:

పెద్దన్న అడిగింది సరైన ప్రశ్న. నా అభిప్రాయం: ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈయనకైతే రెండు లక్షలు, ఎవరూ ముట్టని ఎఫ్‌డీలో పెట్టాలి. ప్లాట్ కోసమని దీన్ని ఊడ్చకూడదు. అమ్మకు, బాపుకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా? లేకపోతే ఇల్లు కంటే ముందు అది. ఒక్క ఆపరేషన్‌కు ఆరున్నర లక్షలూ పోతాయి. మిగతాది బ్యాంకు, పోస్టాఫీసు ఆర్‌డీల్లో. బంగారం ఇప్పటికే పది గ్రాములు లక్ష దాటింది కాబట్టి దాని వెంట పరుగెత్తమని చెప్పను.

చెల్లె చదువు అయిపోతే నెలకు 6 వేలు మిగులుతాయి, ఆమెకు ఉద్యోగం వస్తే ఇంట్లో రెండో జీతం. అప్పుడు ఇదే ఇల్లు వేరే లెక్క. లోను తీసుకున్నాక ఏడాదికి ఒక్క ఈఎమ్ఐ అదనంగా కట్టినా 20 ఏళ్ల లోను సుమారు పదహారున్నర ఏళ్లలో తీరుతుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోనుకు ముందుగా కడితే జరిమానా ఉండదు.

మడికొండ ఉద్యోగి:

ఆదివారం ఊరికి వెళ్లి ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి బాపు ముందు పెట్టాను. ముందు కోపం చేశాడు, "నువ్వు చదువుకున్నోడివి, నీకే తెలుసు" అని బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం తనే వచ్చి "నెలకు 35 వేలా, మరి నువ్వేం తింటవ్" అన్నాడు. తర్వాత రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆయన భయం జాగ గురించి కాదని అప్పుడు తెలిసింది. తన తర్వాత మాకు ఊళ్లో ఏమీ ఉండదని. పెంకుటిల్లు ఒక పక్క కూలిపోయింది.

కాబట్టి ప్లాట్ ఇప్పుడు వద్దనుకున్నాం. ఊళ్లో ఇందిరమ్మ ఇంటికి బాపు దరఖాస్తు పెడతాడు, వస్తే పైన పడే ఖర్చుకు నా నుంచి లక్షన్నర దాటకుండా ఇస్తానన్నాను. రెండు లక్షల ఎఫ్‌డీ వేరు చేశాను. ఇద్దరికీ ఇన్సూరెన్స్ కనుక్కుంటున్నా. చిట్టీ గ్రూపు నంబరు అడిగితే ఆఫీసులో "ఎందుకు సార్" అన్నారు, రేపు మళ్లీ వెళ్తా. చెల్లె చదువు అయ్యాక నా జీతం, తన జీతం కలిపి చిన్న ఫ్లాట్ చూస్తాం, నయీంనగర్ నాలాకు దూరంగా. ఇంటి ఓనర్‌ను అగ్రిమెంటు అడిగాను, రాద్దామన్నారు.

ఓరుగల్లు పిల్ల:

చెల్లె జీతం కలుపుతున్నారంటే ఇంటి కాగితంలో చెల్లె పేరు కూడా ఉండాలి. రేపు పెళ్లయి వెళ్లిపోతుంది కదా అని వదిలేయకండి. తను కట్టినంత తనది.

మడికొండ ఉద్యోగి:

తప్పకుండా. ఇద్దరి పేరు మీదే రాయిస్తాం.

పరకాల కొత్త సభ్యుడు:

నమస్తే, నాదీ ఇలాంటి సమస్యే. మేము కొందామనుకుంటున్న ప్లాట్ ఓనర్ 2020లో వెయ్యి రూపాయలు కట్టిన ఎల్ఆర్ఎస్ రసీదు చూపిస్తున్నాడు. అది సరిపోతుందా?

కేయూ క్రాస్:

సరిపోదు. ఆ వెయ్యి దరఖాస్తు ఫీజు మాత్రమే. క్రమబద్ధీకరణ ఫీజు మొత్తం కట్టి, ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) వచ్చి ఉండాలి. ఆ ప్రొసీడింగ్స్ కాపీ, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ జాగ మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) మూడూ తీసుకుని లాయరుకు చూపించు. 2025లో పాతిక శాతం రాయితీ ఇచ్చినప్పుడు ఆ ఓనర్ ఎందుకు కట్టలేదో కూడా అడుగు. దరఖాస్తు నంబరు తీసుకుని మున్సిపల్ ఆఫీసులో స్టేటస్ చూసి ఇక్కడ రాయి, చూద్దాం.